ఇంటి టెన్షన్‌కి ఆన్‌లైన్ కౌన్సెలింగ్: ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి మన తెలుగులోనే ఎలా తీసుకోవాలి

మాది పర్లాకిమిడి. ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పిల్లల చదువు ఒడియా, బ్యాంకు కాగితాలు ఇంగ్లీషు, పెద్ద జబ్బు చేస్తే బరంపురమో వైజాగో. గుణుపురం, రాయగడ, జయపురం, ఛత్రపురం, ఎక్కడున్నా మనవాళ్ళ బతుకు దాదాపు ఇదే కాబట్టి, నేను రెండేళ్ళు పడి నేర్చుకున్నది మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట మా ఇంటి మీద మూడు కష్టాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. మా ఆయన సూరత్‌లో మిల్లు పనిలో ఉన్నారు, ఏడాదికి రెండుసార్లు వస్తారు. పెద్దవాడు ప్లస్ టూ మొదటి ఏడాదిలో ఫిజిక్స్ తప్పి, గది తలుపేసుకుని బయటికి రావడం మానేశాడు. నాకు రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, ఇక తెల్లారేదాకా పడుకున్నా పడుకోనట్టే. పొద్దున లేచి అత్తగారికి ఒళ్ళు తుడుస్తూ ఏడ్చేదాన్ని, ఆమె చూసి తనూ ఏడ్చేవారు, వాడు అది విని ఇంకా గట్టిగా గడియ పెట్టుకునేవాడు. అప్పుడు ఎవరో చెబితే ఫోన్‌లో ఒక కౌన్సెలింగ్ యాప్ పెట్టుకుని డబ్బు కట్టాను. అవతల మాట్లాడిన అమ్మాయి మంచిదే, కానీ ఆమెకి హిందీ, ఇంగ్లీషు మాత్రమే వచ్చు. నాకు హిందీ బజారు బేరానికి సరిపోతుంది, అంతే. గుండెల్లో గుబులుగా ఉందని హిందీలో ఎలా చెప్పాలో తెలియక "టెన్షన్ హై, టెన్షన్ హై" అని నలభై నిమిషాలూ అదే మాట చెప్పి పెట్టేశాను. ఆ రోజు ఇంకా ఎక్కువ ఏడ్చాను.

అందుకే మిగతా విషయాలకంటే ముందు భాష సంగతి చెబుతాను.

ముందు భాష తేల్చుకోండి

కోపం నెత్తికెక్కినప్పుడు మీ నోట్లోంచి ఏ భాష వస్తుందో ఆ భాషలో మాట్లాడే మనిషిని వెతుక్కోండి. మర్యాదగా మాట్లాడటానికి వచ్చిన భాష వేరు, ఏడవడానికి వచ్చిన భాష వేరు. బెంగ, గుబులు, చిరాకు, ఉక్రోషం, మనసు విరగడం, ఇవన్నీ టెన్షన్ అనే ఒక్క మాటలో పడేస్తే ఎదుటివాళ్ళకి మీ లోపల ఏం జరుగుతోందో సగం కూడా అందదు. బెంగ పెట్టుకున్న మనిషికి కావలసింది వేరు, ఉక్రోషంతో ఉడికిపోతున్న మనిషికి కావలసింది వేరు.

మన ఇళ్ళల్లో ఇంకో చిక్కుంది. తల్లి భాషా పిల్లల భాషా ఒకటే అని అనుకుంటాం, కాదు. మా వాడు నాతో తెలుగే మాట్లాడతాడు, కానీ వాడి స్నేహాలు, వాడి చదువు, వాడి సిగ్గు అన్నీ ఒడియాలోనే. చాలా రోజుల తరవాత వాడు మొదటిసారి నోరు విప్పి అన్నది "మొతే భల లాగుని" అని, అంటే నాకేం బాగోలేదు అని. తెలుగులో ఆ మాట వాడు నాతో ఎప్పుడూ అనలేదు. అప్పుడు అర్థమైంది, నాకు తెలుగు మనిషి కావాలి, వాడికి ఒడియా మనిషి కావాలి, ఇద్దరం కలిసి కూర్చునే రోజున రెండూ వచ్చిన మనిషి కావాలి. బరంపురంలో పుట్టి పెరిగినవాళ్ళలో రెండూ ధారాళంగా వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు, ఈ రంగంలోనూ ఉంటారు, అడిగితేనే తెలుస్తుంది. కౌన్సెలర్ హైదరాబాదులో కూర్చున్నా వైజాగ్‌లో కూర్చున్నా మనకి ఫోన్‌లో ఒకటే కదా, ఆన్‌లైన్ వల్ల మనలాంటి సరిహద్దు వాళ్ళకి అన్నిటికంటే పెద్ద లాభం నా దృష్టిలో ఇదే.

డబ్బు పెట్టే ముందు 14416

ఇది టెలీ మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ అనే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ దీనికి ముఖ్య కేంద్రం. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయొచ్చు, పైసా ఖర్చు లేదు, 20 భాషల్లో ఉంది, అందులో తెలుగూ ఉంది, ఒడియా ఉంది, మరాఠీ కూడా ఉంది కాబట్టి మహారాష్ట్రలో సిరొంచ, దెగ్లూరు వైపు ఉన్న మనవాళ్ళకీ ఇదే నంబరు. 14416 తగలకపోతే 1800 891 4416 చేయండి, రెండూ ఒకటే.

చేయగానే భాష ఎంచుకోమంటుంది, తొందరపడి హిందీ నొక్కేయకండి, మొత్తం వినండి. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. మీ పరిస్థితికి డాక్టరు అవసరమనిపిస్తే పై స్థాయిలో ఉన్న నిపుణులకి కలుపుతారు, లేదా దగ్గరలో ఏ ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళాలో చెబుతారు. మనిషి లైన్‌లోకి రాగానే ఒక్క వాక్యం చాలు: "నేను తెలుగులో మాట్లాడాలి, ఒడిశా నుంచి చేస్తున్నాను." ఈ రెండో ముక్క ఎందుకంటే, మా వీధిలో ఫోన్ ఒక్కోసారి ఆంధ్రా టవరు పట్టేస్తుంది, మీరు ఏ జిల్లాలో ఉన్నారో మీరే చెబితే వాళ్ళు పంపే ఆస్పత్రి మీకు అందుబాటులో ఉండేది అవుతుంది. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాట కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

అయితే ప్రతిసారీ అదే మనిషి ఎత్తుతారని అనుకోకండి. రాత్రి పూట ఊపిరాడనట్టు ఉన్నప్పుడు, ఏం చేయాలో తోచనప్పుడు, అసలు నాకు కావలసింది కౌన్సెలరా డాక్టరా అని తేల్చుకోవడానికి ఇది చాలా మంచిది. వారం వారం ఒకే మనిషితో కూర్చుని ఇంటి ముడులు ఒక్కొక్కటీ విప్పుకోవాలంటే విడిగా ఒకరిని చూసుకోవాలి.

ఎవరు ఎవరో తెలుసుకుని డబ్బు కట్టండి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో, పద్ధతులతో వైద్యం చేస్తారు, వీళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడిగితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అసలైనవాళ్ళు సంతోషంగా ఇస్తారు. కౌన్సెలర్ అనే పేరు మాత్రం చాలామంది పెట్టుకుంటారు. ఎంఏ సైకాలజీ చేసి, పెద్దవాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి పని నేర్చుకుని నిజంగా బాగా చేసేవాళ్ళూ ఉన్నారు, వారం రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు. అందుకని ఏం చదివారు, ఎక్కడ పని చేశారు అని అడగండి.

ఫోన్ చేసి అడగడానికి నోరు రాకపోతే మెసేజ్ పెట్టండి. నేను పంపింది ఇది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"నమస్తే అండి. మాది ఒడిశా, పర్లాకిమిడి. ఆరు నెలలుగా నాకు నిద్ర పట్టడం లేదు, పిల్లాడి మీద ఊరికే అరుస్తున్నాను. నేను తెలుగులో మాట్లాడాలి, పిల్లాడికి ఒడియా బాగా వచ్చు, మీకు రెండూ వచ్చా? మీ చదువు, రిజిస్ట్రేషన్ నంబరు, సెషన్ ఎంతసేపు, ఫీజు ఎంత, ఆ రోజు రాలేకపోతే డబ్బు పోతుందా, ఈ ఐదూ చెప్పగలరా? పగలు 11 నుంచి 1 మధ్యలో నాకు వీలవుతుంది."

జవాబు ఎలా వచ్చిందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఐదింటికీ ఓపికగా జవాబిచ్చినవాళ్ళు సెషన్‌లోనూ ఓపికగానే వింటారు. "ముందు పది సెషన్ల ప్యాకేజీ కట్టండి, గ్యారంటీగా తగ్గుతుంది" అన్నవాళ్ళని వదిలేయండి, మనసు విషయంలో గ్యారంటీ ఇచ్చేవాళ్ళని నమ్మకూడదు. ఆధార్ ఫోటో, ఓటీపీ, స్క్రీన్ షేర్, ఇవి అడిగితే అక్కడితో బ్లాక్ చేసేయండి. ఫీజు భారమైతే తగ్గిస్తారా అని అడగండి, కొంతమంది నిజంగానే తగ్గిస్తారు.

ఇంట్లో ఎక్కడ కూర్చోవాలి

వినడానికి చిన్న సంగతి, కానీ చాలామంది ఇక్కడే మానేస్తారు. రెండు గదుల ఇల్లు, మంచం మీద అత్తగారు, గోడ అవతల తోడికోడలు, మరి ఎవరి గురించి మాట్లాడాలో వాళ్ళే వింటూ ఉంటే నోరెలా పెగులుతుంది? మొదటి రెండు సెషన్లూ నేను అన్నీ బాగున్నాయనే చెప్పాను, కారణం ఇదే.

మేడ ఉంటే మేడ మీదికి వెళ్ళండి, కాకపోతే అక్కడ మన గొంతు పక్కింటి మేడకి వినిపిస్తుంది, గోడవైపు తిరిగి కూర్చోండి. గదిలోనే అయితే తలుపు దగ్గర టేబుల్ ఫ్యాన్ బయటివైపు తిప్పి పెట్టండి, ఆ చప్పుడుకి మాటలు బయటికి అంతగా పోవు. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి, దానివల్ల కనీసం అవతలి మనిషి మాటలు మీకు మాత్రమే వినిపిస్తాయి. నేను చివరికి మా స్నేహితురాలి టైలరింగ్ షాపు వెనక గదిలో కుదుర్చుకున్నాను, మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడెవరూ ఉండరు. కారు ఉన్నవాళ్ళు కారులో కూర్చుంటారు. ఎక్కడికెళ్తున్నావని ఇంట్లో అడిగితే అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా లేదు, "నిద్ర పట్టడం లేదు, డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడుతున్నా" అంటే సరిపోతుంది, అది నిజమే కదా.

ఫోన్ విషయంలో మూడు చూసుకోండి. చాలా ఫోన్లలో కాల్ దానంతటదే రికార్డయ్యే సెట్టింగ్ ఉంటుంది, అది ఆపేయండి, లేకపోతే మీ ఏడుపంతా ఫైలుగా ఫోన్‌లో ఉండిపోతుంది, పిల్లలు ఆడుకుంటూ దాన్ని నొక్కుతారు. వాట్సాప్ మెసేజ్ పైన కనిపించకుండా చేసుకోండి. డబ్బు కట్టిన మెసేజ్ ఎవరి నంబరుకి పోతుందో చూసుకోండి, ఉమ్మడి ఖాతా అయితే అది నేరుగా మీ ఆయనకి పోతుంది, ఆయనకి ముందే మీ నోటితో చెప్పడం మేలు.

కరెంటు, సిగ్నల్ మన చేతిలో ఉండవు. వీడియో ఆగిపోతే ఆడియోకి మారదాం, అదీ తెగితే ఐదు నిమిషాల్లో మీరే చేయండి అని మొదటి రోజే కౌన్సెలర్‌తో ఒప్పందం చేసుకోండి. ఏడుస్తున్నప్పుడు కాల్ తెగి అవతలి మనిషి మళ్ళీ చేయకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆవిడ తప్పు కాదు, నేనే చేస్తానని ఆవిడ ఎదురుచూస్తూ కూర్చుంది.

మొదటి రోజు ఏం చెప్పాలి

సెషన్ సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు ఉంటుంది. అన్నీ వరసగా చెప్పాలని కంగారు పడొద్దు. ముందు ఒంటితో మొదలుపెట్టండి: నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎలా ఉంది, గుండె దడ వస్తుందా, తల నరాలు లాగుతున్నాయా. మనవాళ్ళకి మనసు బాధ ముందు ఒంట్లోనే కనిపిస్తుంది, పిల్లలకైతే మరీను, బడి వేళకి కడుపునొప్పి వచ్చి ఆదివారం రాకపోతే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

తాయత్తు కట్టించారా, దిష్టి తీయించారా, గురువుగారి దగ్గరికి వెళ్ళారా, అది కూడా దాచకండి. మంచి కౌన్సెలర్ వెక్కిరించరు. వెక్కిరిస్తే మనిషిని మార్చండి. అలాగే ఇంట్లో ఎవరు తాగుతారు, అప్పు ఎంత ఉంది, ఎవరి చేయి లేస్తుంది, ఈ మూడూ మనం చివరి ఐదు నిమిషాలదాకా చెప్పం, అసలు విషయం తరచుగా అక్కడే ఉంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన గజపతి జిల్లాని ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. అప్పుడు చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు పెద్ద క్లాసుల్లో ఉన్నారు. మా చిన్నదానికి ఇప్పటికీ అక్టోబరులో గాలి గట్టిగా వీస్తే కాళ్ళు వణుకుతాయి. హైదరాబాదులో కూర్చున్న కౌన్సెలర్‌కి ఈ సంగతి తెలిసే దారి లేదు, మనమే చెప్పాలి.

ఇంకోటి, కౌన్సెలర్ మనకి తీర్పు చెప్పరు. మా వాడికి నాలుగు చీవాట్లు పెట్టి చదువుకోమంటారని నేను ఎదురుచూశాను. ఆవిడ అడిగిందేమిటంటే, వాడితో చదువు మాట లేకుండా చివరిసారి ఎప్పుడు మాట్లాడావని. నాకు గుర్తు రాలేదు. ఆ వారం నాకిచ్చిన పని: రోజుకి పది నిమిషాలు వాడి దగ్గర కూర్చోవాలి, మార్కుల మాట ఎత్తకూడదు. మూడు రోజులు వాడు ఫోన్ చూస్తూనే ఉన్నాడు, నేను వేరుశనక్కాయలు వలుస్తూ కూర్చున్నాను, నాలుగో రోజు వాడు చేయి చాపి కాసిని గింజలు తీసుకున్నాడు. ఇలాంటి చిన్న చిన్న పనులే ఇస్తారు. నిద్ర వేళలు కాగితం మీద రాయడం, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్చుకోవడం, అత్తగారి పనిలో వారానికి రెండు పూటలు ఆడపడుచుని సాయం అడగడం. అడగడం ఎలాగో కూడా నేర్పారు, నాకు అదే అన్నిటికంటే కష్టమైంది. నాలుగైదు సెషన్లయ్యాక గాని తేడా తెలియలేదు, రెండింటికే తగ్గలేదని వదిలేయకండి.

పిల్లలు, మగవాళ్ళు, పెద్దవాళ్ళు

పద్దెనిమిది నిండని పిల్లలకి కౌన్సెలింగ్ మొదలుపెట్టాలంటే తల్లిదండ్రుల అంగీకారం అడుగుతారు. అంగీకారం ఇచ్చాక మాత్రం లేచి బయటికి వెళ్ళిపోండి. వెనకాల నించుని వినడం, తరవాత "ఏం చెప్పావురా" అని ఆరా తీయడం చేస్తే ఇక ఆ పిల్లాడు నోరు విప్పడు. వాడు చెప్పింది కౌన్సెలర్ మీకు చెప్పరు, ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగినట్టు తెలిస్తే మాత్రం పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేసి తీరాలి. వీడియోలో ముఖం చూపించడానికి సిగ్గుపడే పిల్లలకి ఆడియో, లేదా మెసేజ్‌లతో మొదలుపెట్టమనండి. మా వాడు మొదటి మూడుసార్లు టైపు చేసే మాట్లాడాడు. మే నెలలో మెట్రిక్, ప్లస్ టూ ఫలితాల సమయం వచ్చేదాకా ఆగొద్దు, జనవరిలోనే మొదలుపెట్టండి.

మా ఆయన్ని కూర్చోబెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. సూరత్‌లో ఆరుగురు ఉండే గది, అందరి ముందూ ఇంటి గొడవ మాట్లాడేది ఎలా? చివరికి డ్యూటీ దిగాక రోడ్డు మీద నడుస్తూ మాట్లాడారు. నువ్వు రావాలి, నీ తప్పులు తెలుసుకోవాలి అంటే ఏ మగాడూ రాడు. "నాకు సాయం కావాలి, నువ్వొక్కసారి నా గురించి చెప్పు, అరగంట చాలు" అన్నాను, వచ్చారు. వచ్చాక తన గురించే ఎక్కువ మాట్లాడారు, ఇల్లు వదిలి ఉండటం ఆయనకీ ఎంత బెంగో ఇన్నేళ్ళ కాపురంలో నేను విన్నది అప్పుడే.

పెద్దవాళ్ళ సంగతి వేరు. మా అత్తగారు మాట తడబడుతున్నా స్పష్టంగా అడిగారు, "మనింట్లో ఎవరికైనా పిచ్చా?" అని. సంసారం గుట్టు, రోగం రట్టు అన్నది ఆవిడ తరచూ చెప్పే మాటే. నేను ఆ మాటే పట్టుకున్నాను: "అత్తయ్యా, నెలల తరబడి నిద్ర లేకపోవడం రోగమే కదా, రోగం చెప్పుకోవాలని మీరే అంటారు కదా." ఆవిడ ఒప్పుకున్నారని చెప్పను, మళ్ళీ అడ్డు మాత్రం పెట్టలేదు. గుట్టు బయటపడుతుందనే భయం ఉన్నవాళ్ళకి ఈ సంగతి చెప్పండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ మనం చెప్పిన విషయాలు గోప్యంగా ఉండే హక్కు ఇచ్చింది.

ఇవి ఫోన్‌తో తేలేవి కావు

ఇంట్లో ఎవరైనా బతకాలని లేదు అంటే, లేదా ఉన్నట్టుండి తన వస్తువులు అందరికీ పంచిపెడుతుంటే, సెషన్ రోజుదాకా ఆగకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మనం భయపడతాం, అలా జరగదు, అడిగినవాళ్ళకి చెప్పుకుంటే సగం బరువు దిగుతుంది. ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బా, నిద్రమాత్రలు ఇంట్లోంచి తీసేయండి, దాచడం కాదు, ఇల్లు దాటించండి. వెంటనే 14416, ప్రాణాపాయం అయితే 112 లేదా 108. పోలీసు కేసు అవుతుందని ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా కూర్చునేవాళ్ళు ఇంకా ఉన్నారు. అదే 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష వేయరు. ఈ ఒక్క ముక్క పదిమందికి చెప్పండి.

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేసినప్పుడు చేతులు వణికి, చెమటలు పట్టి, ఏవేవో కనబడుతున్నాయంటే, ఫిట్స్ వస్తే, అది ఆస్పత్రి పని, ప్రాణం మీదికి వస్తుంది. లేని మాటలు వినిపించడం, బాలింత పిల్లని పట్టుకోకుండా నిద్ర లేకుండా తిరగడం, ఇవీ అంతే. కొట్టే మనిషి ఇంట్లో ఉంటే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్ వద్దు, కాల్ అయ్యాక ఆ దెబ్బలు కూడా మీకే పడతాయి. హెల్ప్‌లైన్ నంబర్లు ఆడవాళ్ళకి 181, పిల్లలకి 1098.

ఆస్పత్రి అంటే మనవైపు వాళ్ళకి బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. తెలుగులోనే మాట్లాడాలంటే విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, రాయగడ వైపు వాళ్ళకి రైలు ఎక్కితే నేరుగా వైజాగే. మందుల మాటకొస్తే, 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం కొన్ని మందుల్ని ఫోన్ మీద చూసి రాయడానికి వీల్లేదు. డాక్టరు ఒకసారి వచ్చి కనబడమంటే అందుకే, వెళ్ళండి. మందుల షాపులో చీటీ లేకుండా నిద్రమాత్ర కొని వేసుకోవద్దు. నేను వేసుకున్నాను, రెండు నెలలకి అది లేకుండా కన్ను మూతపడని స్థితి వచ్చింది, మాన్పించడానికి డాక్టరుకి ఇంకో మూడు నెలలు పట్టింది.

మనిషి కుదరకపోతే, పని అయిపోతే

మూడు సెషన్లయినా మీ మాట వాళ్ళకి అందడం లేదనిపిస్తే మార్చేయండి. మొహమాటపడి డబ్బు కడుతూ పోవద్దు, చెప్పకుండా మాయమైపోవద్దు. "మీరు బాగా విన్నారు, కానీ నాకు మా ఇంటి భాషలో మాట్లాడేవాళ్ళు కావాలి, మీకు తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి" అని రాస్తే చాలు. నాకు ఇప్పటి కౌన్సెలర్ దొరికింది అలాగే, మొదటి అమ్మాయే ఆవిడ నంబరు పంపింది.

బాగయ్యాక ఒక్కసారిగా ఆపకండి. వారానికొకసారి ఉన్నది పదిహేను రోజులకి, తరవాత నెలకి మార్చుకుంటూ రండి. చివరి సెషన్‌లో ఒక పని అడిగి చేయించుకోండి: మన ఇంట్లో టెన్షన్ మళ్ళీ మొదలైతే ముందు ఏం కనబడుతుందో తెలుగులో రాయించుకోండి. మాది మూడు లైన్లు, బియ్యం డబ్బా మూత లోపల అతికించాను. అమ్మ రెండింటికి లేచి వంటింట్లో లైటు వేస్తే. అన్నయ్య వరసగా మూడు రోజులు గదిలోనే తింటే. నాన్న ఆదివారం ఫోన్ చేయకపోతే. ఈ మూడింట్లో రెండు కనబడిన వారం ఎవరో ఒకరు ఫోన్ చేయాలి, మొన్న ఫిబ్రవరిలో చేసింది మా చిన్నది.